అమెచ్యూర్ కార్ రేసింగ్‌లో ఏ మార్పులను అనుమతించాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి సీజన్ ముగిశాక క్లబ్ స్థాయి రేసుల నిబంధనల మీద అవే సందేహాలు మళ్లీ మొదలవుతాయి. వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఇబ్బంది లేదు. మా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాం: ఒక మార్పు వల్ల కారు ఎంత వేగం పుంజుకుంటుందనేది తర్వాతి సంగతి. దాన్ని పాడాక్‌లోనే (ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోటే) తనిఖీ చేయగలమా? ఒకరు చేయించుకుంటే మిగిలినవాళ్లకు ఎంత ఖర్చు తగులుతుంది? ముందు చూడాల్సినవి ఈ రెండూ.

## క్లాసును (ఒకే నిబంధనల కింద పోటీపడే కార్ల గుంపును) రూపొందించే దశలో

"ఇష్టమైనవాళ్లు చేయించుకుంటారు, లేనివాళ్లు మానేస్తారు. అన్నిటికీ ఒప్పేసుకుంటే నష్టమేంటి?"

రేసింగ్‌లో 'ఇష్టమైతే' అనే మాటకు అర్థం లేదు. ల్యాప్‌కు అర సెకను కలిసొచ్చే పార్టుకు అనుమతి దొరికితే 20 ల్యాపుల రేసులో అది 10 సెకన్ల తేడా. గెలవాలనుకునే ప్రతి ఒక్కరూ దాన్ని కొనాల్సిందే. అందరూ కొన్నాక ఎవరి స్థానం వాళ్లదే, జేబులు మాత్రం ఖాళీ. అలాగని అన్నీ నిషేధించినా ఖర్చు తగ్గదు. కొన్ని మార్పులు టైర్లను, ఇంజన్లను కాపాడి డబ్బు మిగులుస్తాయి. కాబట్టి ప్రతి పార్టును విడిగా తూచాలి.

"రూల్‌బుక్‌లో రాయని మార్పు చేయొచ్చా, చేయకూడదా?"

రెండు పద్ధతులున్నాయి. ఒకటి, 'అనుమతి ఉందని రాసి ఉంటేనే చేయాలి'. అమెరికాలోని ఎస్‌సీసీఏ క్లబ్ చాలాకాలంగా పాటిస్తున్నది ఇదే. రెండోది, 'నిషేధించనిదంతా చేసుకోవచ్చు'. షోరూమ్ కార్లతో నడిచే క్లాసులకు మొదటిదే తగినది. ఎందుకంటే మనిషి బుర్రకు తట్టే మార్పులన్నిటినీ ముందే ఊహించి నిషేధించడం ఏ కమిటీ వల్లా కాదు.

మొదటి పద్ధతి ఎంచుకుంటే రెండు విషయాలు కచ్చితంగా రాయాలి. కంపెనీ పార్టుకు బదులు బయటి తయారీ పార్టు వాడితే కొలతలు, పదార్థం, బరువు అసలుదానితో సరిపోవాలి. అదే మోడల్‌లో వేరే సంవత్సరం కారు పార్టులు వాడుకోవచ్చా, వాడితే పూర్తి సెట్టుగా వాడాలా, విడివిడిగానా? ఈ రెండో ముక్క వదిలేస్తే ఒక సంవత్సరం ఇంజను, ఇంకో సంవత్సరం గేర్‌బాక్స్, మూడో సంవత్సరం బ్రేకులు కలిపి, కంపెనీ ఎన్నడూ తయారు చేయని కారుతో ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు.

"కొత్తగా మొదలుపెడుతున్నాం. ఒకే మోడల్ క్లాసు పెట్టాలా, పవర్-బరువు లెక్క పెట్టాలా, పాయింట్లు పెట్టాలా?"

మీ దగ్గర ఎన్ని కార్లు, ఏవి ఉన్నాయన్నదాన్ని బట్టి.

ఒకే మోడల్ క్లాసుకు పేరున్న ఉదాహరణ, మాజ్దా మియాటా అనే చిన్న స్పోర్ట్స్ కారుతో నడిచే స్పెక్ మియాటా. అందరిదీ ఒకే కారు, నిర్ణయించిన సస్పెన్షన్ కిట్టే. స్పెక్ రేసర్ ఫోర్డ్ అనే ఇంకో క్లాసులో అయితే ఇంజనుకు సీలు వేసి ఇస్తారు. పోటీ హోరాహోరీగా ఉంటుంది గానీ, చవకగా దొరికే ఒకే మోడల్ కార్లు ఏళ్లతరబడి అందుబాటులో ఉండాలి.

పవర్-బరువు పద్ధతిలో రకరకాల కార్లు కలిసి పరుగెత్తవచ్చు. క్లాసు పరిమితి హార్స్‌పవర్‌కు 8 కేజీలు అనుకుందాం. డ్రైవరుతో కలిపి 1,200 కేజీల కారుకు 150 హార్స్‌పవర్ దాకా అనుమతి, 1,100 కేజీల కారుకు 137.5. ఇందులో ఒక లొసుగుంది. గరిష్ఠ పవర్ ఒక్కటే కొలిస్తే, ట్యూనర్లు పవర్ గ్రాఫ్‌ను పైన చదునుగా కోసేసి, చాలా ఎక్కువ ఆర్‌పీఎం పరిధిలో అదే పవర్ వచ్చేలా చేస్తారు. కాగితం మీద 150 గానీ, ట్రాక్ మీద అది 170 హార్స్‌పవర్ కారులా లాగుతుంది. అందుకే గరిష్ఠానికి ఇరువైపులా కొన్ని ఆర్‌పీఎంల దగ్గర కొలిచి సగటు తీయాలి.

పాయింట్ల పద్ధతిలో ప్రతి కారుకూ, ప్రతి పార్టుకూ ఒక విలువ కడతారు. ఎండ్యూరెన్స్ (గంటల తరబడి సాగే) రేసులు నడిపే చాంప్‌కార్‌లో 500 పాయింట్ల పరిమితి ఉంది, దాటితే ల్యాపులు కోస్తారు. చూడ్డానికి సులువే. కానీ ఆ పట్టికను ఏటా సరిదిద్దే ఓపిక ఎవరికో ఒకరికి ఉండాలి. పదిలోపు కార్లున్న చిన్న క్లబ్‌కు మా ఓటు పవర్-బరువు లెక్కకు, దానికి తోడు కచ్చితమైన టైరు నిబంధనకు.

## భద్రతా పరికరాల దశలో

"సేఫ్టీ సామాను కూడా మార్పుల ఖర్చులో, పాయింట్లలో లెక్కపెట్టాలా?"

వద్దు. లెక్కపెడితే చవకరకం బెల్టుకు మనమే బహుమతి ఇచ్చినట్టు అవుతుంది. 500 డాలర్ల కార్లతో నడిచే 24 అవర్స్ ఆఫ్ లెమన్స్ కూడా భద్రతా సామానును ఆ పరిమితి బయటే ఉంచింది. ఒక్కచోట మాత్రం జాగ్రత్త పడాలి. రోల్ కేజ్ (కారు పల్టీ కొట్టినా పైకప్పు నలగకుండా లోపల వేసే పైపుల చట్రం) డ్రైవరును కాపాడటమే కాదు, బాడీ బిగుతును కూడా పెంచుతుంది. బాడీ బిగుతైతే సస్పెన్షన్ సెట్టింగ్ చక్కగా పనిచేస్తుంది. కాబట్టి కేజ్ బాడీని తాకే చోట్లకు పరిమితి పెట్టండి. డ్యాష్‌బోర్డు వెనక గోడను దాటి ముందు స్ట్రట్ టవర్ల (ముందు సస్పెన్షన్ పైకొస బాడీకి బిగిసే చోట్ల) దాకా పైపులు వెళ్లవచ్చో లేదో స్పష్టంగా రాయండి.

"రోల్ కేజ్‌కు ఎలాంటి పైపు వాడాలి?"

అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధనల అపెండిక్స్ జే, ఆర్టికల్ 253 ప్రకారం మెయిన్ హూప్‌కు (డ్రైవరు వెనక నిలిచే ప్రధాన పైపు వంపుకు) కనీసం 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం, లేదా 50 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం. మిగిలిన ముఖ్య పైపులకు 38 × 2.5 లేదా 40 × 2. పైపు అతుకు లేని కోల్డ్ డ్రాన్ కార్బన్ స్టీల్ అయి, కనీసం 350 మెగాపాస్కల్స్ తన్యబలం ఉండాలి. నీళ్ల పైపులాంటి అతుకుల గొట్టం పనికిరాదు.

కేజ్‌లు విఫలమయ్యేది ఎక్కువగా పైపు దగ్గర కాదు, కాళ్ల దగ్గర. కారు ఫ్లోర్ రేకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. దానికి పైపును నేరుగా వెల్డ్ చేస్తే, పల్టీ కొట్టినప్పుడు కాలు ఫ్లోర్‌ను పొడుచుకుని కిందికి దిగిపోతుంది. కాలి కింద కనీసం 3 మి.మీ. మందం, 120 చదరపు సెం.మీ. వైశాల్యం ఉన్న ప్లేటు ఉండాలి. బోల్టులతో బిగిస్తే ఒక్కో కాలికి కనీసం మూడు ఎం8 బోల్టులు, 8.8 గ్రేడ్‌వి. వంపు దగ్గర పైపు లోపలివైపు ముడతపడితే దాన్ని తిరస్కరించండి. మందం కొలవడానికి కనిపించే చోట ఒక చిన్న రంధ్రం పెట్టించండి, వాదనలు అక్కడితో ఆగిపోతాయి.

"బెల్టులు కొత్తవాటిలా ఉన్నాయి. గడువు తీరిందని ఎందుకు వెనక్కి పంపుతారు?"

ఎండలోని అతినీలలోహిత కిరణాలు, రాపిడి, చెమట అల్లిక బలాన్ని తగ్గిస్తాయి. ఆ తగ్గుదల కంటికి కనిపించదు. ఎఫ్‌ఐఏ 8853-2016 బెల్టులకు లేబుల్ మీద గడువు సంవత్సరం ముద్రించి ఉంటుంది. అమెరికా భద్రతా ప్రమాణమైన ఎస్‌ఎఫ్‌ఐ 16.1 బెల్టులకు రెండేళ్లే. క్లబ్ రెండింటినీ ఒప్పుకుంటే రెండు గడువులనూ రూల్‌బుక్‌లో రాయాలి. ఒక ప్రమాదంలో లాగుడు పడిన బెల్టును గడువు మిగిలి ఉన్నా పారేయాల్సిందే. భుజం బెల్టును నేరుగా వెనక ఫ్లోర్‌కు బిగిస్తే అది ఢీకొన్న క్షణంలో వెన్నెముకను కిందికి నొక్కుతుంది. భుజం ఎత్తులో కేజ్ అడ్డ పైపుకు చుట్టడమే సరైనది.

"రోడ్డు మీద కూడా నడిపే కారుకు కేజ్ వేయించొచ్చా?"

హెల్మెట్ లేకుండా నడిపితే చిన్న గుద్దుడుకే తల పైపుకు తగులుతుంది, మెత్తటి ప్యాడ్ చుట్టినా సరే. కేజ్ వేసిన కారును ట్రాక్‌కు ట్రైలర్ మీద తీసుకురావడమే మంచిది.

## ఇంజను దశలో

"ఈసీయూ ట్యూన్‌ను నిషేధిస్తే సరిపోదా?"

ఈసీయూ అంటే ఇంజన్ను నడిపే కంప్యూటర్, ట్యూన్ అంటే దాని సెట్టింగులు మార్చడం. నిషేధం రాయడం తేలిక, పట్టుకోవడం కష్టం. బయటికి ఏ పార్టూ మారదు. టర్బో లేని ఇంజనులో లాభం కొద్దిగానే ఉంటుంది గానీ, టర్బో ఇంజనులో బూస్ట్ (టర్బో లోపలికి తోసే గాలి పీడనం) పెంచితే పవర్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఒకే మోడల్ క్లాసులో క్లబ్ దగ్గర రెండు మూడు అసలు ఈసీయూలు ఉంచుకుని, అనుమానం వచ్చిన కారుకు అక్కడికక్కడే మార్చి పరుగెత్తించవచ్చు. ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేకపోతే ఇంజన్ను స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉన్న కొత్త కార్లలో ఈ కిటుకు పారదు. అక్కడ ట్యూన్‌ను వదిలేసి, పవర్‌నే కొలవడం నయం.

"నా డైనో షీట్‌లో 148, మీ డైనోలో 154. నేను దొంగనా?"

కాదు. డైనో అంటే పవర్ కొలిచే యంత్రం. రెండు డైనోల మధ్య ఈ తేడా మామూలే. రోలర్ రకం, టైరులో గాలి, పట్టీ ఎంత బిగించారు, ఆయిల్ వేడెక్కిందా లేదా, ఏ గేరులో లాగారు, వాతావరణానికి ఏ కరెక్షన్ వాడారు అన్నవన్నీ అంకెను మారుస్తాయి. నిబంధనలో ఇవి ఉండాలి: క్లబ్ ఎంచుకున్న ఒకే డైనో, ఒకే కరెక్షన్ పద్ధతి, వరుసగా మూడు పుల్స్ (డైనో మీద ఇంజన్ను పూర్తిగా లాగించి కొలవడాలు), వాటిలో అత్యధికం లెక్కలోకి, 2 శాతం వెసులుబాటు. డ్రైవరు చేతికి అందే, మ్యాప్ (ఈసీయూ సెట్టింగు) మార్చే స్విచ్‌లు ఉండకూడదు. డైనో దగ్గర ఒక మ్యాప్, ట్రాక్‌లో ఇంకొకటి అన్నది పాత ఎత్తే.

"రెస్ట్రిక్టర్ పెడితే నిజంగా పవర్ ఆగుతుందా?"

ఆగుతుంది. రెస్ట్రిక్టర్ అంటే ఇంజనులోకి గాలి వెళ్లే దారిని ఇరుకు చేసే పార్టు. ఆ ఇరుకైన గొంతులో గాలి వేగం శబ్దవేగాన్ని చేరాక, ఇంజను ఎంత గుంజినా అంతకన్నా ఎక్కువ గాలి లోపలికి వెళ్లదు. గాలి వెళ్లే దారి అదొక్కటే అయితేనే ఇదంతా. తనిఖీ చాలా సులువు: ఇంజను నడుస్తుండగా రెస్ట్రిక్టర్ నోరు మూసేయండి. ఇంజను ఆగిపోవాలి. నడుస్తూనే ఉంటే ఇంకెక్కడో గాలి దూరుతోందన్నమాట.

"ఆయిల్ కూలర్, బ్యాఫిల్, పెద్ద రేడియేటర్: ఇవి పవర్ ఇచ్చేవి కావు కదా, ఎందుకు ఆపుతున్నారు?"

ఆపకూడదనే మేమూ అంటాం. పొడవాటి మలుపులో ఆయిల్ అంతా సంప్‌లో (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఒక పక్కకు ఒరిగిపోతే పంపు గాలిని పీలుస్తుంది, కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోతుంది. ఆ తర్వాత బ్లాకుకు బెజ్జం పడి, ఆయిల్ ట్రాక్ మీద పారి, వెనకొచ్చే నలుగురు జారిపోతారు. సంప్‌లో అడ్డుగోడలు, ఆయిల్ అక్యుములేటర్ (ఒత్తిడి పడిపోతే ఆయిల్ అందించే నిల్వ సిలిండర్), కూలర్, పెద్ద రేడియేటర్... వీటన్నిటికీ తలుపులు బార్లా తెరవండి. ఇంజను ఖర్చు తగ్గించే మార్పుల్లో వీటికి సాటి లేదు.

డ్రై సంప్‌కు (ఆయిల్‌ను విడి ట్యాంకులో ఉంచే ఏర్పాటుకు) మాత్రం ఒప్పుకోకండి. అది ఇంజన్ను కిందికి దింపే వీలు కల్పిస్తుంది, క్రాంక్‌కేసులో పీడనం తగ్గించి కాస్త పవర్ కూడా ఇస్తుంది, పైగా ఖరీదు.

కూలెంట్‌లో గ్లైకాల్‌ను (నీళ్లు గడ్డకట్టకుండా ఆపే ద్రవాన్ని) నిషేధించండి. అది ట్రాక్ మీద పడితే జారుడుగా ఉంటుంది, తొందరగా ఆరదు. నీళ్లు, తుప్పు పట్టకుండా ఆపే రసాయనం చాలు. గడ్డకట్టే చలిలో కారును నిలిపేటప్పుడు నీళ్లు తీసేయాలని గుర్తుచేయండి. ఆయిల్ క్యాచ్ ట్యాంకు (ఇంజను బయటికి చిమ్మే ఆయిల్‌ను పట్టే డబ్బా) 2,000 సీసీ వరకు 2 లీటర్లు, ఆపైన 3 లీటర్లు అన్న ఎఫ్‌ఐఏ కొలతనే తీసుకోవచ్చు.

"వేరే ఇంజను దించుకోవచ్చా?"

పవర్-బరువు క్లాసులో దించుకోవచ్చు, ఒకే మోడల్ క్లాసులో కుదరదు. అనుమతించేచోట ఇంజను అసలు స్థానం నుంచి ఎంత వెనక్కి జరపవచ్చో సెం.మీ.లలో రాయండి. పెట్రోలు పైపుల దారినీ, కొత్త వేగానికి బ్రేకులు చాలతాయో లేదో అన్నదాన్నీ సేఫ్టీ తనిఖీలోనే చూడాలి.

## టైర్లు, సస్పెన్షన్, బ్రేకుల దశలో

"టైర్ల మీద ఇంత రభస ఎందుకు?"

ల్యాప్ టైమును టైరంత మార్చే పార్టు కారులో ఇంకొకటి లేదు కాబట్టి. ఖర్చు కూడా అక్కడే, అదీ ప్రతి వీకెండ్‌కూ. చాలా క్లబ్‌లు '200 ట్రెడ్‌వేర్ లేదా అంతకన్నా ఎక్కువ' అని రాస్తాయి. ట్రెడ్‌వేర్ అంటే టైరు ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పే అంకె. కానీ ఆ అంకెను నిర్ణయించేది టైరు కంపెనీయే. అందువల్ల పక్కన 200 అని ముద్రించి, రెండు వీకెండ్‌లలో కరిగిపోయే మెత్తటి టైర్లు మార్కెట్‌లోకి వచ్చాయి. ట్రెడ్‌వేర్ అంకె ఒక్కటే నమ్ముకుంటే ఏటా ఎవరి టైరు మెత్తనిదో వాళ్లదే పోడియం.

ఒకే బ్రాండు, ఒకే మోడల్, ఒకే సైజు నిర్ణయించడమే దీనికి మందు. సీజన్‌కు ఇన్ని టైర్లు అని లెక్కపెట్టి, సైడ్‌వాల్ మీద చెరగని గుర్తు వేయండి. రసాయనాలతో రబ్బరును మెత్తబరిచేవాళ్లు ఉంటారు. డ్యూరోమీటరుతో (రబ్బరు గట్టిదనం కొలిచే పరికరంతో) అన్ని కార్ల టైర్లనూ ఒకే ఉష్ణోగ్రత దగ్గర కొలిస్తే తేడా తెలిసిపోతుంది, వేడి టైరును చల్లటిదానితో పోల్చితే మాత్రం నిర్దోషి దొరికిపోతాడు. కొత్త టైరును కోయించి ట్రెడ్ లోతు తగ్గించడానికి ఒప్పుకుంటారో లేదో కూడా తేల్చండి. ఒప్పుకుంటే టైరు వేడెక్కి ముక్కలుగా ఊడిపోవడం తగ్గుతుంది, కానీ కొన్న రబ్బరులో సగం చెత్తబుట్టలోకి పోతుంది.

"క్యాంబర్ ప్లేట్లకు అనుమతి ఇస్తే క్లాసు ఖరీదైపోతుందా?"

ఖరీదు తగ్గుతుంది. క్యాంబర్ అంటే చక్రం పైభాగం లోపలికో (మైనస్) బయటికో ఒరిగే కోణం, దాన్ని సర్దేవే ఈ ప్లేట్లు. ముందు స్ట్రట్ సస్పెన్షన్ ఉన్న కారుకు కంపెనీ ఇచ్చే క్యాంబర్ సున్నాకు దగ్గర. మలుపులో బాడీ ఒరిగినప్పుడు టైరు బయటి అంచు మీదే భారమంతా పడి, ఆ అంచు రెండు మూడు సెషన్లలో అరిగిపోతుంది, మధ్య భాగం కొత్తదిలాగే ఉంటుంది. మైనస్ 2.5 నుంచి 3.5 డిగ్రీల మధ్య పెట్టుకునే వీలుంటే టైరు సమంగా అరుగుతుంది. ప్లేట్ల ఖర్చు టైర్లలో తిరిగొస్తుంది. గరిష్ఠ పరిమితి రాయాలనుకుంటే రాయండి. గేజీతో రెండు నిమిషాల పని.

"షాక్ అబ్సార్బర్లలో ఎంతవరకు?"

డబ్బు చల్లగా కరిగిపోయే చోటు ఇది. లోపలి వాల్వులు, షిమ్‌లు (ఆయిల్ ప్రవాహాన్ని నియంత్రించే పలుచని రేకులు) మార్చితే బయటికి ఏమీ తెలియదు. షాక్ డైనో మీద పెడితేగానీ బయటపడదు, అది ప్రతి క్లబ్‌కూ ఉండదు. అందుకని కంటికి కనిపించేవాటికే హద్దులు పెట్టాలి: ఒక్కటే సర్దుబాటు నాబ్, విడిగా వేలాడే రిజర్వాయరు వద్దు, బాడీ అల్యూమినియమా స్టీలా అన్నది చెప్పాలి. క్లెయిమ్ నిబంధన కూడా బాగా పనిచేస్తుంది. రేసు అయ్యాక నిర్ణయించిన ధరకు ఎవరైనా విజేత షాక్‌లను కొనుక్కోవచ్చు, అతను ఇవ్వనంటే ఫలితం రద్దు. అప్పుడు ఆ ధరకు పదింతలు పోసి లోపల పని చేయించుకునే సాహసం ఎవరూ చేయరు.

"బ్రేకులు భద్రత కిందికి వస్తాయి కదా, అన్నీ వదిలేయొచ్చుగా?"

ప్యాడ్లు, ఫ్లూయిడ్, స్టీల్ అల్లిక గొట్టాలు, గాలి డక్టులు వదిలేయండి. క్యాలిపర్లు, డిస్కు సైజు మాత్రం కంపెనీవే ఉంచండి. వేడి సమస్యలు చాలావరకు ఆ నాలుగింటితోనే తీరతాయి.

డాట్ 4 ఫ్లూయిడ్‌కు ప్రమాణం ప్రకారం కొత్తలో మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్, తేమ పీల్చాక 155. పాత ఫ్లూయిడ్‌తో దిగినవాళ్ల పెడల్ నేలకు ఆనడానికి కారణం ఈ తేడాయే: లోపల ఆవిరి బుడగలు పుట్టి, తొక్కిన బలమంతా వాటిని నొక్కడానికే పోతుంది. రేసింగ్ ఫ్లూయిడ్‌లు 300 డిగ్రీలు దాటినవి దొరుకుతాయి. సీజన్‌లో ఫ్లూయిడ్ మార్చిన తేదీని లాగ్‌బుక్‌లో (కారు తనిఖీ రికార్డు పుస్తకంలో) రాయించండి. సిలికాన్ రకమైన డాట్ 5ను మిగిలినవాటితో కలపకూడదు. డాట్ 5.1 వేరు, అది గ్లైకాల్ రకమే.

"ఏబీఎస్ ఉన్న కారు, లేని కారు ఒకే క్లాసులో ఎలా?"

కంపెనీ అమర్చిన ఏబీఎస్‌ను ఉంచుకోనివ్వండి, రేసు కోసం తయారైన విడి ఏబీఎస్ కిట్లను ఆపండి. తడి ట్రాక్ మీద తేడా మరీ ఎక్కువైతే ఏబీఎస్ కారుకు కాస్త బరువు కలపవచ్చు.

## ఏరో (గాలి బలాన్ని వాడుకునే పార్టులు), బరువుల దశలో

"వెనక రెక్క, ముందు స్ప్లిటర్ పెట్టుకుంటే తప్పేంటి? ప్లైవుడ్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చుగా!"

చేసుకోవచ్చు, అదే దాని అందం. స్ప్లిటర్ అంటే ముందు బంపరు కింద బయటికి చాచిన పలక. డౌన్‌ఫోర్స్ (గాలి కారును నేలకు నొక్కే బలం) వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది: వేగం రెట్టింపైతే అది నాలుగింతలు. చిన్న, మెలికల ట్రాకుల్లో మార్పు అంతగా తెలియదు, వేగమైన ట్రాకుల్లో అదే రేసును తేల్చేస్తుంది. ఇంకో చిక్కుంది. ముందున్న కారు చెదరగొట్టిన గాలిలో స్ప్లిటర్ పట్టు తగ్గుతుంది, అందుకే వెంటపడి దాటడం కష్టమవుతుంది. కొత్త డ్రైవర్లు ఎక్కువగా ఉండే క్లాసులో ఏరో వద్దంటాం. పెడతామంటే కొలతలు టేపుతో కొలిచేలా రాయండి: బంపరు నుంచి ముందుకు ఇంత, రెక్క కారు పైకప్పు కన్నా ఎత్తు ఉండకూడదు, వెడల్పు బాడీని మించకూడదు. చేత్తో ఊపితే ఊగని విధంగా బిగించి ఉండాలి. స్ప్లిటర్ మీద మనిషి నిలబడి చూడటం అనుభవజ్ఞులు చేసే పరీక్షే.

"బరువు ఎప్పుడు తూచాలి? డ్రైవరుతోనా, లేకుండానా?"

రేసు ముగిసిన వెంటనే, డ్రైవరు హెల్మెట్‌తో లోపల ఉండగా, ట్యాంకులో మిగిలిన పెట్రోలుతోనే తూచాలి. డ్రైవరు లేకుండా తూచితే 60 కేజీల మనిషికి 95 కేజీల మనిషి మీద ఉచితంగా 35 కేజీల లాభం. తూనిక ముందు నీళ్లు, ఆయిల్ పోయనివ్వకండి. తక్కువ పడితే కలిపే బ్యాలస్ట్‌ను (అదనపు బరువును) సీటు పక్క ఫ్లోర్‌కు వెడల్పాటి ప్లేట్లతో బోల్టు చేయించండి. జిప్ టైలతో కట్టిన ఇసుక బస్తా ఢీకొన్నప్పుడు డ్రైవరు తల వెనకే తేలుతుంది.

## తనిఖీ, ఫిర్యాదుల దశలో

"పక్కవాడి ఇంజను మీద అనుమానం. విప్పమని అడగొచ్చా?"

అడగొచ్చు, డిపాజిట్ కట్టి. ఫిర్యాదులో 'ఇంజను సరిగా లేదు' అంటే చాలదు. క్యామ్ లిఫ్టా (వాల్వ్ తెరుచుకునే ఎత్తు), కంప్రెషనా, బోరా (సిలిండర్ వ్యాసం) అన్నది చెప్పాలి. క్యామ్ లిఫ్ట్‌ను డయల్ గేజీతో వాల్వ్ కవరు తీసి కొలుస్తారు, హెడ్ విప్పనక్కర్లేదు. విప్పాక కారు సక్రమంగా తేలితే డిపాజిట్, ఇంజను మళ్లీ బిగించే ఖర్చు కింద కారు యజమానికి వెళ్తుంది. తప్పు తేలితే ఫిర్యాదుదారుకు తిరిగొస్తుంది. డిపాజిట్ మరీ తక్కువైతే అక్కసుతో ఫిర్యాదులు, మరీ ఎక్కువైతే ఎవరూ నోరు మెదపరు. హెడ్ గ్యాస్కెట్, ఆయిల్, కూలీ కలిపితే ఎంతవుతుందో అంత పెట్టండి.

"పొరపాటున తప్పు బోల్టు పెట్టినవాడికీ, దొంగ క్యామ్ పెట్టినవాడికీ ఒకే శిక్షా?"

వేగం పెంచని లోపానికి లాగ్‌బుక్‌లో గుర్తు రాసి, వచ్చే రేసులోపు సరిదిద్దమనాలి. వేగం పెంచేదైతే ఆ ఫలితం రద్దు. దాచడానికి ప్రయత్నించినట్టు తేలితే సీజన్ పాయింట్లు పోవాలి. ఈ మూడు మెట్లను ముందే రాసిపెట్టుకోండి, లేకపోతే ముఖం చూసి తీర్పు ఇచ్చారంటారు.

## నిబంధన మార్చే దశలో

"సీజన్ మధ్యలో నిబంధన మార్చొచ్చా?"

ప్రాణాపాయం ఉన్నదైతే ఆ రోజే మార్చాలి. ఒక మోడల్ హబ్‌లు (చక్రాలు బిగిసే భాగాలు) విరుగుతున్నాయని తెలిస్తే వచ్చే ఏడాది దాకా ఆగలేం. మిగిలినవన్నీ వచ్చే సీజన్‌కే, కనీసం మూడు నాలుగు నెలల ముందు ప్రకటించాలి. కొన్న పార్టును మరుసటి ఏడాదే నిషేధిస్తే మనుషులు క్లబ్ వదిలిపోతారు. అలాంటప్పుడు పాత పార్టు ఉన్నవాళ్లకు ఒక సీజన్ గడువు ఇవ్వండి.

"ఒకే కారు వరుసగా గెలుస్తోంది. దానికి బరువు కలపమని ప్రతిపాదించాలా?"

ముందు డ్రైవర్లను మార్చి చూడండి. అదే కారును మధ్యస్థంగా నడిపే ఇంకొకరికి ఇస్తే గెలుపు ఎవరిదో తెలిసిపోతుంది. డేటా లాగర్ ఉంటే స్ట్రెయిట్ చివర వేగాలు పోల్చండి: అక్కడ సమానంగా ఉండి, మలుపులోనే తేడా వస్తుంటే అది చాలాసార్లు చేతి పనితనమే.

"నా ప్రతిపాదనను కమిటీ పక్కన పెట్టేసింది. ఎలా రాస్తే చదువుతారు?"

'క్యాంబర్ ప్లేట్లకు అనుమతి ఇవ్వాలి' అని రాస్తే అది కోరిక. రూల్‌బుక్‌లోకి నేరుగా ఎక్కించగల వాక్యం రాయండి. ఉదాహరణకు: 'ముందు స్ట్రట్ పైభాగంలో సర్దుబాటు చేయదగిన ప్లేట్లు వాడవచ్చు. స్ట్రట్ టవర్‌ను కోయకూడదు, రంధ్రం పెంచకూడదు. డ్రైవరు లేకుండా, చదునైన నేల మీద కొలిచినప్పుడు ముందు క్యాంబర్ మైనస్ 3.5 డిగ్రీలు మించకూడదు.' దాని కింద మూడు సంగతులు జోడించండి: ఒక్కో కారుకు అయ్యే ఖర్చు, టైర్ల మీద మిగిలేది, ఏ పరికరంతో ఎన్ని నిమిషాల్లో తనిఖీ చేయవచ్చో. మీ టైరు అరిగిన అంచు ఫొటో కూడా పెడితే, ఇప్పుడున్న నిబంధన వల్ల సెట్టుకు ఎంత రబ్బరు వృథా అవుతోందో కమిటీకి కళ్లకు కడుతుంది.